మీట కన్నా ముందొచ్చిన గొంతు

మిట్టమధ్యాహ్నమే అయినా కిటికీ లేని ఆ స్టూడియో గదిలో చీకటి. వేడెక్కిన తీగల వాసన. ఉన్నది అన్నాచెల్లెళ్ళిద్దరే. చెల్లెలు గాయని, గొంతు ఆపరేషన్ తర్వాత గుసగుస తప్ప ఏమీ మిగల్లేదు. అన్నయ్య సాఫ్ట్‌వేర్ రాసేవాడు, మహా మొండిఘటం. ఆమె పాత పాటలన్నీ కలిపి ఒక సింథసైజర్ చేశాడు. ఆమె మీటలు నొక్కితే ఆమె గొంతే పాడాలి. సాయంత్రం కచేరీ. అది చెడితే ఇక ఆమెను పిలిచే నాథుడు లేడు.

చిక్కల్లా ఆలస్యంతోనే. కంప్యూటర్ శబ్దాన్ని దోసిళ్ళతో తోడి పోస్తుంది. ఆ దోసిలే బఫర్. పెద్దదైతే మీట నొక్కిన కాసేపటికి గానీ గొంతు పలకదు. చిన్నదైతే చిటపటలు.

"పాట నా వెనకాల కాళ్ళీడ్చుకుంటూ వస్తోంది అన్నయ్యా," అంది చెల్లెలు.

"బెంగెందుకే, ఇంకాస్త తగ్గిస్తాగా!"

తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. ఏ యంత్రమూ తట్టుకోలేనంత కిందికి దించాడు. విచిత్రం, చిటపటలు ఆగిపోయాయి! పాత గొంతు నిండుగా మోగింది. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు చూశాడు... ఆమె వేలు ఇంకా గాల్లోనే ఉంది. స్వరం వచ్చేసింది. తర్వాతే వేలు దిగింది.

"చేతులు తియ్యవే," అన్నాడు మెల్లగా.

తీసేసింది. స్పీకర్లలో గొంతు ఆగలేదు. పాట వదిలేసి కేక పెట్టింది.

"అన్నయ్యా! లే అన్నయ్యా! కళ్ళు తెరువు!"

చెల్లెలి పెదాలు కదల్లేదు. "అది... నేనెప్పుడూ రికార్డు చెయ్యలేదు," అంది.

అన్నయ్యకు అర్థమైంది. జరగబోయేది ముందే వినిపిస్తోంది. అయితే వెనక్కి నెట్టాలి! బఫర్ పెంచాడు. ఇంకా... ఇంకా... చివరిదాకా పెంచేశాడు. కేక ఆగింది.

"అలాగే ఉంచెయ్," అంది చెల్లెలు అతని చెయ్యి పట్టుకుని. "కచేరీ వద్దు, గొంతూ వద్దు. నువ్వుంటే చాలు."

కానీ ఎంత పెద్ద దోసిలైనా నిండాక పొయ్యక తప్పదని అతనికి తెలుసు.

అతని గుండెలో చిన్న పోటు... అంతే, తగ్గిపోయింది.

"అన్నయ్యా! లే అన్నయ్యా!"

ఈసారి స్పీకర్లు మూగగా ఉన్నాయి. అరిచింది చెల్లెలే, సొంత గొంతుతో! అతనికి పట్టరాని సంతోషం. కానీ ఆమె అతనివైపు చూడదేం? నేల మీద పడున్న ఎవరినో కుదుపుతూ ఏడుస్తోంది.

"నేనిక్కడే ఉన్నానే పిచ్చిపిల్లా!" అన్నాడు.

ఆ మాట వెంటనే వినపడలేదు. కాసేపటికి... స్పీకర్లలోంచి వచ్చింది.