దియోలిందా గొంతున్న కాసెట్

లూసీలియా, నేనే తల్లీ, ఆల్డా పెద్దమ్మని. రాయడం నాకు రాదు గదా, అందుకే ఈ ఫోన్లోకి మాట్లాడి పంపుతున్నా. మధ్యలో ఆపమాక. అమ్మ గొంతు ఎక్కడన్నా ఉంటే తెచ్చిపెట్టు పెద్దమ్మా, ఒక్కసారి వింటే నిద్ర పడుద్దేమో అన్నావు. ఉంది. ఒక్క చోటే ఉంది. నీకెందుకు ఇవ్వనో చెప్తా, విను.

మీ అమ్మ దియోలిందా, నేనూ ఆ పిచ్చాసుపత్రిలో ఊడ్చే పనికి కుదిరింది నువ్వు పుట్టకముందు. మా వంతు కింది అంతస్తు. కిటికీ ఉండదు. ఫినాయిలు వాసన, కాలిన దుమ్ము వాసన. అక్కడ డాక్టర్ ఎర్స్కిన్ అని ఒకాయన పరిశోధన చేసేవాడు. ఎదుటి మనిషి నొప్పితో ఏడుస్తుంటే ఒంట్లో కోరిక పుట్టే మగాళ్ళ మీద. నాకూ చెప్పడానికి సిగ్గే. కొంతమందిని జైలు నించి తెచ్చేవాళ్ళు, కొంతమంది వాళ్ళంతట వాళ్ళే వచ్చేవాళ్ళు, నన్ను బాగుచెయ్యండయ్యా అని. వాళ్ళని తోలు కుర్చీలో కూర్చోబెట్టి, వేళ్ళకీ ఛాతీకీ, చెప్పుకోలేని చోటా తీగలు తగిలించి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టి కాసెట్లు వినిపించేవాళ్ళు. అద్దం అవతల పెట్టెలో సూది కాగితం మీద గీతలు గీసేది. మనిషి నోటితో అబద్ధమాడినా గీత ఆడదు అనేవాడు డాక్టరు. మంచాయనే. ఆ మనుషుల్ని చూసి జాలిపడేవాడు కూడా.

ప్రతి కాసెట్టు చివరా రెండు నిమిషాలు ఖాళీ ఉంచేవాళ్ళు. ఏమీ వినబడదు. ఆ రెండు నిమిషాల్లో గీత కిందికి దిగాలి. దిగాకే ఇంకోటి పెట్టాలి.

ఆడమనిషి ఏడుపు కావాల్సొచ్చింది. నాటకాల వాళ్ళని పిలిస్తే సూది కదల్లేదంట. మీ అమ్మని అడిగారు. దానికి నటించడం వచ్చా? గదిలోకి పోయి, నీకన్నా ముందు పుట్టి పోయాడే మీ అన్న, వాణ్ణి తల్చుకుని ఏడ్చింది. వద్దు, వద్దు, ఆపండి అని డాక్టరు చెప్పమన్న మాటలు మధ్యమధ్యలో అంది. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుని నా చేతిలో తీపి రొట్టె లాక్కుంది.

"చూశావా అక్కా, నా ఏడుపు కూడా డాక్టర్లకి కావాల్సొచ్చింది. నువ్వేడిస్తే కుక్క కూడా లేచి రాదు."

"పోవే, నీ ముక్కు చీదుడు విని వాళ్ళంతా పారిపోతారు చూడు" అన్నా నేను.

నవ్వుకున్నాం తల్లీ. అదే మేం చేసిన తప్పు.

ఆర్నెల్లయ్యాక ఒక రోజు మమ్మల్ని పైఅంతస్తుకి పంపితే, మీ అమ్మ నేల తుడుస్తా తుడుస్తా ఆగిపోయింది. మొహంలో రక్తం లేదు. "అక్కా, ఎవడో వింటున్నాడు" అంది. నేను కిందికి పరిగెత్తా. ఆ గది తలుపు మీద, కాసెట్టు నడిచేటప్పుడు వేసే ఎర్ర దీపం వెలుగుతోంది. కుర్చీలో మనిషున్నాడు.

అట్టా ఎన్నిసార్లో. దాని కాసెట్టుకి దీపం వెలిగిన ప్రతిసారీ దానికి తెలిసిపోయేది. అందుకే మీ అమ్మ ఇంకెక్కడా గొంతు పెట్టలేదు. నీ పెళ్ళి వీడియోలో కూడా నోరు మూసుకునే ఉంది, చూసుకో. డాక్టరు పోయాక ఆ పని ఆపేశారు. అప్పుడు కుదుటపడింది.

సరే. అక్టోబర్లో మీ అమ్మ పోయింది. నువ్వు అడిగావు. ఆ కింది అంతస్తు ఖాళీ చేస్తున్నారని విని మొన్న పొద్దున పదింటికి ట్రామెక్కి పోయా. మిషన్లు చూసే వెండెల్ లేడూ, ఆ ముసలాడు, అతనే అట్టపెట్టెలు సర్దుతున్నాడు.

"ఏంటి ఆల్డా, బకెట్ లేకుండా వచ్చావు? నిన్ను గుర్తుపట్టలేకపోయా."

"నీ బట్టతల మెరుస్తుంటే నేను గుర్తుపట్టా. చెల్లి కాసెట్టు కావాలయ్యా."

అతని నవ్వు పోయింది. వెతికి తెచ్చాడు. సరిగ్గా ఉందో లేదో విని తీసుకెళ్ళు అన్నాడు. వినడానికి ఆ గదే. ఆ కుర్చీయే. ముప్పై ఏళ్ళు తుడిచా గానీ ఒక్కసారీ కూర్చోలేదు నేను. తీగలన్నీ చుట్టచుట్టి పెట్టెలో పడున్నాయి, నా కళ్ళతో చూశా. గోడలకంతా స్పాంజి. తలుపు వేస్తే నా ఊపిరి నాకే వినబడింది.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా.

మీ అమ్మ. అదే గొంతు తల్లీ. పడుచు గొంతు. ఏడుస్తోంది... వద్దు, వద్దు అంటోంది... నేనూ ఏడ్చా. చేతుల్తో హెడ్‌ఫోన్లు చెవులకి గట్టిగా అదుముకున్నా, దాన్ని పట్టుకున్నట్టు.

ఏడుపు అయిపోయింది. ఖాళీ మొదలైంది. తీసేద్దామనుకున్నా. తీయలేకపోయా. దాని తర్వాత ఇంకేముంది నాకు?

గరగర... గరగర...

అప్పుడు వినబడింది. గుసగుసగా. మేం పుట్టి వదిలొచ్చిన దీవి మాటలో.

"అక్కా..."

కుర్చీలో ముందుకి వంగా.

"అక్కా, నువ్వొక్కదానివే వింటున్నావా?"

అద్దం అవతల వెండెల్ లేచి నిలబడ్డాడు. నన్ను చూడట్లేదు. కాగితం వంక చూస్తున్నాడు. సూది కదుల్తోంది. తీగ లేదు, తీగ తగిలించిన మనిషి లేడు. ఊరికే సరి చూద్దామని స్విచ్ వేశాడంట. గీత కిందికి దిగట్లేదు. పైకి... పైకి...

నేను బయటపడ్డాక వెండెల్ తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఆల్డా, ఇరవై ఆరేళ్ళు చూశా ఈ గీతల్ని" అన్నాడు మెల్లిగా. "సంతోషం గీత ఇది. ఎవడో మురిసిపోతున్నాడు."

"ఎవడు?"

"నన్నడగొద్దు. తీసుకుపో."

తీసుకొచ్చా. నీకిస్తే నువ్వు వింటావు. నాకు తెలుసు నీ సంగతి. రోజూ వింటావు, వెయ్యిసార్లు వింటావు. నువ్వు విన్నప్పుడల్లా వాడూ వింటాడు తల్లీ. మీ అమ్మకి ఎప్పుడు విశ్రాంతి? కాల్చడానికి చెయ్యి రాలేదు, దాని గొంతు గదా. అందుకని సోమవారం సమాధి దగ్గరికి పోయి, నేల ఇంకా గడ్డకట్టలేదు, గరిటెతో తవ్వి, దాని గుండె మీదికొచ్చే చోట కాసెట్టు పూడ్చేశా. నీది నీ దగ్గరే ఉంచుకోవే అని చెప్పా. నన్ను తిట్టుకో. పర్లేదు.

రాత్రి మంచు పడింది, చూశావుగా. ఇవాళ పొద్దున పూలు పట్టుకుని పోయా. ఎవరూ నడవని మంచు. సమాధి చుట్టూ ఒక్క అడుగు లేదు, వచ్చిందీ లేదు, పోయిందీ లేదు. కాసెట్టు పూడ్చిన చోట మాత్రం మంచులో గుంట పడుంది. వంగి చూశా.

చెవి తల్లీ. మనిషి చెవి, నేలకి ఆనించి అదిమినట్టు. దాని పక్కన బుగ్గ. బుగ్గ పక్కన సగం నోరు.

ఆ నోటి కొస పైకి లేచి ఉంది.