ఖాయం అన్న మాట

కెరిస్ ప్రోథెరో గొంతు నేను మొదటిసారి విన్నది ఏప్రిల్లో, ఒక గురువారం, పడవకి రంగు వేస్తుండగా.

"నెడ్ థర్టిల్ గారేనా? లండన్ నుంచి మాట్లాడుతున్నానండీ. ప్రకటనల మీద వచ్చే ఫిర్యాదులు చూసే ఆఫీసు. మీ కరపత్రం మీద ఒక ఫిర్యాదు వచ్చింది."

"ఎవరిచ్చారు?"

"చెప్పకూడదండీ."

"ఎంతమంది?"

"ఒక్కరే. మాకు ఒక్కరు చాలు."

జనాన్ని పడవలో తీసుకెళ్లి, ఇసుకతిన్నెల మీద పడుకునే సీల్స్ అనే సముద్ర జంతువుల్ని చూపించడం మా పని. మా కరపత్రంలోనూ, రేవులో మా టికెట్ల గది మీది బోర్డులోనూ ఒకటే మాట ఉంది: మా పడవ ఎక్కితే సీల్స్ కనిపించడం ఖాయం. తాతయ్య ముప్పై ఏళ్ల కిందట తన చేత్తో రాసిన మాట అది. మార్చిలో ఎవరో పొగమంచులో పడవెక్కి, గంటసేపు తెల్లటి గోడ చూసి దిగిపోయారు. సముద్రం మీద కోపం వచ్చినా, రాసింది మాత్రం మా మీద.

"చూడండి, నార్ఫోక్ తీరంలో మాదే అందమైన పడవ అని కూడా రాశాం. దానికీ ఆధారం కావాలా?"

"అక్కర్లేదు. ఎవరి పడవ వాళ్లకి ముద్దు, అది చదివేవాళ్లకీ తెలుసు. ఖాయం అంటే మాత్రం నమ్మి టికెట్ కొంటారు. అలాంటి మాటకి ఆధారం ముందే చేతిలో ఉండాలి. అచ్చేసిన తర్వాత వెతుక్కుంటే కుదరదు."

"మోసం చేద్దామని రాయలేదండీ."

"నమ్ముతాను. కానీ మీ మనసులో ఏముందో మేం చూడం. చదివిన మామూలు మనిషికి ఏం అర్థమైందో అదే చూస్తాం. ఆ మాట తీసేస్తానని రాసివ్వండి, కేసు ఈరోజే మూసేస్తాను."

ఆవిడ చెప్పింది సబబే. ఒప్పుకుని ఉంటే అక్కడితో అయిపోయేది. కానీ తాతయ్య రాసిన మాట కదా అని పౌరుషం వచ్చింది. ఆధారాలు పంపిస్తానన్నాను.

ఏ రోజు ఎన్ని సీల్స్ కనిపించాయో తాతయ్య రాసుకున్న డైరీలు పంపాను. మరుసటి గురువారం మళ్లీ ఫోను. "పద్నాలుగు రోజులు 'ఏమీ లేవు' అని రాసుంది. ఈ పేజీలు కూడా మీరే పంపారు."

"దాచడమెందుకని."

అటువైపు చిన్న నవ్వు. ఆ నవ్వుతో నా పౌరుషం కాస్తా నీరుగారిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత నేను పోట్లాడింది తాతయ్య కోసం కాదు. ఒప్పుకుంటే కేసు ముగుస్తుంది, కేసు ముగిస్తే గురువారం ఫోను రాదు. అందుకని ప్రతివారం ఏదో ఒక కాగితం బాకీ పెట్టేవాణ్ణి. ఆవిడ గడువు పెంచేది.

మే నెలంతా వానలు. ఒకసారి ఇసుకతిన్నె పక్కన పడవ ఆపి ఉన్నప్పుడు ఫోను వచ్చింది. "ఆ చప్పుడేంటి?" అంది. ఫోను చాచి పట్టుకున్నాను. వానలో సీల్స్ కూస్తున్నాయి, ఏడుపో పాటో తెలియకుండా. ఇద్దరం చాలాసేపు వింటూ ఉండిపోయాం. నీళ్లు బూడిద రంగులో ఊగుతున్నాయి, లండన్ ఎంత దూరమో నాకు గుర్తు లేదు.

"ఇది కేసుకి పనికిరాదండీ," అంది చివరికి, చాలా మెల్లగా.

మా నానమ్మ హిల్డా టికెట్ల కిటికీలోంచి అన్నీ చూస్తూనే ఉంది. "ఒరేయ్, గవర్నమెంటుతో మాట్లాడేవాడు అద్దంలో చూసి తల దువ్వుకుంటాడట్రా?"

"గవర్నమెంటు కాదు నానమ్మా."

"అయితే మరీ మంచిది."

జూన్లో ధైర్యం చేశాను. "ఒకసారి రండి. కళ్లతో చూసి తీర్పు చెప్పండి."

"నేను రాకూడదండీ," అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆ తర్వాతి గురువారం ఫోనులో మగ గొంతు. గిల్‌ఫోర్డ్ అట. ఫైలు తన దగ్గరికి మారిందట. "మాట తీసేస్తారా, పై కమిటీకి పంపమంటారా? అక్కడ ఓడితే తీర్పు మీ పేరుతో అచ్చవుతుంది."

కెరిస్‌ని రమ్మని పిలవకుండా ఉండాల్సింది. విసిగి వదిలించుకుంది అనుకున్నాను. "తీసేస్తానండీ," అన్నాను. రెండున్నర నెలల పోట్లాట రెండు నిమిషాల్లో తేలిపోయింది.

ఆ సాయంత్రం బోర్డు మీది మాట తెల్లరంగుతో చెరిపేశాను. నానమ్మ కుర్చీ తెచ్చుకుని పక్కనే కూర్చుని, చివరి అక్షరం పోయేదాకా చూసింది. అది నన్ను ఇంకా బాధపెట్టింది. తర్వాత రెండు గురువారాలు ఫోను జేబులోంచి తీయలేదు.

ఆ తర్వాతి శనివారం పొద్దున చేతికందేంత దగ్గర్లో పొగమంచు. పడవ ఎక్కడానికి వచ్చింది ఒక్క మనిషే, పచ్చ కోటు అమ్మాయి.

"సీల్స్ కనిపిస్తాయాండీ?"

గురువారాల్లో ఫోనులో విన్న గొంతు అది. "చెప్పలేనండీ," అన్నాను.

రేవు దాటాక ఇంజను ఆపేశాను. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేదు. ఆమె ముక్కు చలికి ఎర్రబడింది. నేననుకున్నదానికన్నా పొట్టిగా ఉంది, ఇంకా బాగుంది.

"ఫైలు వదిలేశారుగా," అన్నాను.

"నేనే ఇచ్చేశాను. మీకు అనుకూలంగా రాసినా, వ్యతిరేకంగా రాసినా అది న్యాయం కాదు. మీరంటే ఇష్టం ఏర్పడింది, ఈ కేసు నేను చూడకూడదు అని మా మేనేజర్‌కి చెప్పాను."

"అంటే నాకన్నా ముందు మీ మేనేజర్‌కి తెలుసా?"

"రాసి కూడా ఇచ్చాను. గిల్‌ఫోర్డ్ చదివాడు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కెరిస్ గారూ, నేను మొదటి వారమే ఒప్పుకోవాల్సినవాణ్ణి. మీ ఫోను ఆగిపోతుందని లాగాను. నాకు మీరంటే చాలా ఇష్టం."

"తెలుసు. లేకపోతే అన్నిసార్లు గడువు ఎందుకు పెంచుతాను?" తడి చెయ్యి చాచింది. పట్టుకున్నాను. పడవ తన దారిన తాను కొట్టుకుపోయింది. సీల్స్ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

రేవులో నానమ్మ టీ కెటిల్‌తో నిలబడి ఉంది. తాతయ్య మాట చెరిపించిన మనిషిని ఏమని పరిచయం చెయ్యను? కెరిస్ తనే ముందుకు వచ్చింది.

"నేనేనండీ, లండన్ నుంచి ఫోన్ చేసింది. మీవారు రాసిన మాట నా వల్లే పోయింది. క్షమించండి."

నానమ్మ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆయన ఆ మాట రాసిన వారమే సీల్ అన్నది కనబడలేదమ్మాయ్. జనం నా కిటికీ దగ్గర నిలబడి తిట్టేవాళ్లు. తీసెయ్యవయ్యా అని ఆయన పోయేదాకా మొత్తుకున్నాను, వింటేనా. ఈ ఇంట్లో నా మాట నెగ్గించినదానివి నువ్వొక్కతెవి." కప్పు ఆమె చేతిలో పెట్టింది. "లోపలికి రా, వణుకుతున్నావు. ఒరేయ్, నువ్వు తర్వాత రా. మేమిద్దరం మాట్లాడుకోవాలి."