ఆ పాట తగ్గించప్పా

నవ్వొద్దు. దారిలో బోల్తా పడిన బండిని చూసి, లోపల మనిషి బతికున్నాడో లేడో చూడకముందే ఫోను పైకెత్తే నీకే చెబుతున్నా ఈ కథ. డీజిలు కారుతుంటే బిందె పట్టుకుని పరిగెత్తేవాడికి కూడా. నేనేమీ తీసుకోలేదు, ఊరికే చూసి వచ్చానంటావు. అదీ తప్పే. కూర్చుని విను.

నంద్యాలలో ఎజ్రా అని లారీల వైరింగు చేసే మనిషి ఉన్నాడు. ఆదివారం దుకాణం తెరవడు, మిగతా రోజులు మూయడు. మొన్నటి వేసవిలో ఒకరోజు, ఎండ ముదరకముందే, శ్యాంసుందర్ తన లారీని తెచ్చి ఆయన ముందు ఆపాడు. గోనెసంచిలోంచి అరచేయంత నల్లటి పెట్టె తీశాడు. దానికి వైరుతో వేలాడే చిన్న యాంటెన్నా బిళ్ళ.

"శాటిలైట్ రేడియో అన్నా. లారీతో వచ్చిన కంపెనీ స్టీరియోకు తగిలియ్యి. పాటలు డోర్ల స్పీకర్లలోంచి రావల్ల."

"యాడిది?"

"బనగానపల్లెలో పాత సామాన్లాయప్ప కాడ కొన్యా."

ఎజ్రా స్టీరియో బయటికి లాగాడు. ఎర్ర వైరును తాళంచెవి లైనుకు, నల్ల వైరును బాడీకి కలిపాడు. పాట వచ్చే వైరును స్టీరియో వెనక గుచ్చాడు. బిళ్ళను అద్దం కింద, ఆకాశం కనబడేటట్టు పెట్టాడు. వైర్లు కలిపిన చోటల్లా టేపు చుట్టే ముందు నీలం దారంతో రెండు ముళ్ళు వేయడం ఆయన అలవాటు. నంద్యాలలో ఇంకెవరూ అట్లా చేయరు. దారం కోసం వంగినవాడు ఆగిపోయాడు. పెట్టె వైరు తెగిన కొసన అప్పటికే ఒక నీలం దారం ఉంది. పాతబడి, మాసిపోయి.

దాన్ని ఒకసారి వేలితో తడిమి తాళం తిప్పాడు. పెట్టెలో పచ్చ దీపం వెలిగింది. స్పీకర్లలో గర్ర్‌మని మోత. అంతే.

"ఇది పాడదు. పైనుంచి పాటలు పంపే ఆ కంపెనీ మూతపడి పదైదేండ్లయింది."

"యాడ పాడదు? ఆ పొద్దు గట్టిగా పాడతా ఉండె కదా!"

"ఏ పొద్దు?"

శ్యాంసుందర్ నాలుక కరుచుకున్నాడు. అప్పటికే జారిపోయింది మాట.

నెల కిందటి పొద్దు అది. శిరివెళ్ల దాటినాక మోరీ పక్క పల్లంలో సంజీవయ్య లారీ బోల్తా పడి ఉంది. ఆళ్లగడ్డ మనిషి, అరవై దాటినవాడు. ఆకాశంలోంచి పాటలు పట్టే పెట్టె నాదొక్కటే అని టీ బంకుల దగ్గర మురిసిపోయేవాడు. అది మూగబోయినాక కూడా ఆ మాట ఎవరికీ చెప్పలేదు. దాని మీద శ్యాంసుందర్‌కు ఎన్నాళ్ళ నుంచో కన్ను. ఆ మధ్యాహ్నం రోడ్డు మీద మనిషి లేడు. క్యాబిన్‌లో స్పీకర్లలోంచి ఎవరో ఆడమనిషి పాత పాట పాడుతోంది. స్టీరింగు కింద సంజీవయ్య ఇరుక్కుని ఉన్నాడు. బతికే ఉన్నాడు.

"అప్పా... ఆ పాట తగ్గించప్పా. నా అరుపు రోడ్డు మీదికి పోతాలేదు..."

శ్యాంసుందర్ చెయ్యి చాచాడు. తగ్గించలేదు. పెంచాడు. మరలు విప్పేలోపల ఆ అరుపు ఎవరికీ వినబడకూడదని. వైరు తెగ్గోసి, పెట్టె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వైరు తెగినా పాట ఆగలేదన్న సంగతి అప్పుడతనికి తట్టలేదు. పొద్దుగూకినాక గొర్రెలవాళ్ళు శవాన్ని చూశారు.

ఎజ్రా పెట్టెకు కలిపిన వైర్లన్నీ ఊడబెరికి, స్టీరియోను మళ్ళీ దాని చోట్లోకి తోసి, పెట్టెను సీటు మీద పడేశాడు.

"దీన్ని సంజీవయ్యకు బిగిచ్చింది నేనే. ఆయప్ప పెండ్లాం సుబ్బలక్ష్మి కనబడినోళ్ళనల్లా అడుగుతాంది, కడాకు ఏమన్నా అన్యాడా అని. ఆళ్లగడ్డకు పో. ఇది ఆమె చేతిలో పెట్టి, జరిగింది చెప్పు. పొద్దుగూకే లోపల ఆమె ఫోను రాకపోతే నేనే స్టేషనుకు పోతా."

"పోతాలే అన్నా."

పోయాడు. కాలువ వంతెన మీద లారీ ఆపి, పెట్టెను నీళ్ళలోకి విసిరాడు. అది మునిగేదాకా చూశాడు. ఇంకేం సాక్ష్యం ఉంది? ఈల వేసుకుంటూ తన బాడుగ మీద శిరివెళ్ల దాటాడు.

వేడిగాలికి తారు వాసన. దాని వెనకే డీజిలు వాసన. ఆ వెనక ఇంకేదో... ఎండకు ఆరిన నెత్తురులాంటిది.

స్టీరియో దానంతటదే వెలిగింది.

అదే ఆడగొంతు. అదే పాట.

బటను నొక్కాడు. ఆగలేదు. మీట ఎడమకు తిప్పాడు... పాట పెరిగింది. ఇంకా తిప్పాడు. ఇంకా పెరిగింది. పాట అడుగున, చెవి పక్కనే, ఎండిపోయిన గొంతు...

"తగ్గించప్పా..."

వైర్లు పీకడానికి వంగాడు. తల ఎత్తేసరికి ఎదురుగా అదే మోరీ.

లారీ బోల్తా పడలేదు. సర్కారు తుమ్మల మధ్యకు జారి, నీడలో చక్రాల మీదే నిలబడింది. ముందుభాగం లోపలికి నొక్కుకుపోయి అతని కాలు ఇరుక్కుంది. రోడ్డు పది అడుగుల పైన. అరిచాడు. పాట చెవులు పగిలేటట్టు మోగుతోంది. ఒక ఆటో పోయింది. ఒక ట్రాక్టరు నెమ్మదించింది.

"ఏం పాటలు పెట్టినాడు రా! మనకేమో ఎండ, ఆయప్పకు కచేరీ!"

"నీడకు పండుకున్యాడు, పోనీలేప్పా."

నవ్వుకుంటూ పోయారు. అతను అరుస్తూనే ఉన్నాడు. గొంతులోంచి నెత్తురు వచ్చేదాకా... వచ్చినాక కూడా.

పొద్దుగూకినా ఫోను రాకపోయేసరికి ఎజ్రానే మోటారుసైకిలు మీద వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన క్యాబిన్ తలుపు తెరవగానే పాట ఆగింది. లైటు వేసి చూశాడు. స్టీరియో పక్కన నల్ల పెట్టె బిగించి ఉంది. దాంట్లోంచి కాలువ నీళ్ళు కారుతున్నాయి. వైర్లు కలిపిన చోట నీలం దారం. కొత్తది. రెండు ముళ్ళు. ఆయన ముళ్ళే. ఆయన వేయనివి.

శ్యాంసుందర్‌కు కాలు తీసేశారు. గొంతు తిరిగి రాలేదు. అతనికి రాయడం రాదు. సంగతి తెలిసి సుబ్బలక్ష్మి నంద్యాల ఆసుపత్రికి వచ్చి మంచం పక్కన కూర్చుంది. తిట్టలేదు.

"ఎజ్రన్న చెప్పినాడు, ఆ పొద్దు నువ్వు ఆడనే ఉన్యావంట. మా ఆయన కడాకు ఏమన్యాడు నాయనా?"

అతను నోరు తెరిచాడు. స్టేషను దొరకని రేడియోలాగా గర్ర్‌మని మోత. చెయ్యి పైకెత్తాడు. గాలిలో వేళ్ళు ఎడమకు తిప్పాడు. కన్నీళ్ళు కారుతుండగా మళ్ళీ తిప్పాడు, మళ్ళీ.

ఆమె అతని వేళ్ళను చూసి, పైన తిరుగుతున్న ఫ్యానును చూసింది. లేచి పోయి ఫ్యాను తగ్గించింది.