లావణ్యమ్మ ఏడు రోజుల పురుడు

"ఇది తడిస్తే పాడయిపోద్దేటి బావూ?" అని అడిగింది లావణ్యమ్మ, నల్లటి రబ్బరు బ్యాండు తన కుడి మణికట్టుకు బిగుస్తుంటే.

"పాడవదమ్మా. సముద్రంలో ముంచినా పనిచేస్తుంది" అన్నాడు డాక్టర్ సుధన్వ.

"పొయ్యి సెగ తగిల్తే?"

"ఏం కాదు."

"రుబ్బురోలు పొత్రం తగిల్తే?"

డాక్టరుగారు చేతిలోని టాబ్లెట్ మీంచి తలెత్తి చూశాడు. "మీకు పనేమీ లేదని ఫారంలో రాశారు కదమ్మా?"

"నాకేటి పనుంటాది బావూ. మా మావే తొమ్మిదేళ్లనుంచీ కాళీగా ఉన్నాడు. నాను ఇంటికాడే ఉంటాను. కాళీయే" అంది లావణ్యమ్మ. అంటూనే ఎడమ చేత్తో చేటలోని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

అది రెండువేల యాభై ఎనిమిదో సంవత్సరం. విశాఖ మహానగర జిల్లాలో గంగుల కొండ. లావణ్యమ్మకు యాభై నాలుగేళ్లు. ఆ తరం పెద్దమ్మల పేర్లన్నీ అంతే, లావణ్యలూ మౌనికలూ హారికలూ. ఆమె పక్కింట్లో మంచం పట్టి ఉన్న డెబ్బై ఎనిమిదేళ్ల ముసలామె పేరు శ్రావణి మామ్మ. చంద్రుడి మీద గుడారాలు వేసి పైపుల్లో నీళ్లు పారించిన మానవజాతి, గంగుల కొండ మీదికి మాత్రం కుళాయి ఎక్కించలేకపోయింది. నీళ్లు కొండ కిందే ఆగాయి. అక్కణ్ణుంచి రెండు వందల పన్నెండు మెట్లు.

కొండ మీద నలభై మూడు ఇళ్లు. ఒకప్పుడు మగవాళ్లు దాదాపు అంతా రేవులో పనిచేసేవాళ్లు. రేవులోకి మరమనుషులొచ్చాక వాళ్లందరికీ పని పోయింది. లావణ్యమ్మ మొగుడు గౌరీసుకూ పోయింది. అప్పట్నుంచీ వాళ్లను బతికిస్తున్నది జీవికా భవన్ ఇచ్చే కార్డు. ఆ కార్డు ఇంటి ఆడమనిషి పేరు మీద ఉంటుంది. ఆమెకు ఏ పనీ లేకపోతే కార్డు ఉంటుంది, కార్డుంటే బియ్యం ఉంటాయి, కొండ మీద గది ఉంటుంది. కార్డు పోతే గది ఖాళీ చేసి, నగరానికి నలభై కిలోమీటర్ల అవతల కట్టిన టవర్లకు పోవాలి. అక్కడ గదికి అద్దె కట్టుకోవాలి. గౌరీసు ఏం పెట్టి కడతాడు?

ఇన్నాళ్లూ ఎవరి ఫారం వాళ్లే నింపేవారు. కంపెనీల్లో కుర్చీలేసుకు కూర్చునే వాళ్లు కొందరు కూడా "ఖాళీ" అని రాసి కార్డులు పట్టుకుపోయారు. నిజంగా లేనివాడి దాకా వచ్చేసరికి కార్డులు అయిపోయేవి. ఆ అన్యాయం చూడలేకే డాక్టర్ సుధన్వ ఆరేళ్లు కష్టపడి శ్రమమాపిని అనే ఈ బ్యాండును కనిపెట్టాడు. మంచి మనసున్న మనిషి. ఆ మాట ముందే చెప్పెయ్యాలి, తర్వాత కథలో ఆయనమీద కోపం రాకుండా.

యంత్రం సంగతి చాలా సులువు. మనం చిటికెన వేలు కదిపినా కండరంలో సన్నని కరెంటు పుడుతుంది. బ్యాండు ఒక చేతికే ఉన్నా, అందులోని సెన్సర్లు రెండు చేతుల కరెంటునూ చదువుతాయి. పిండి పిసికే చేతి కరెంటు ఒక తీరు, పార పట్టిన చేతిది ఇంకో తీరు. ఎనిమిది వందల ఉద్యోగాల తీరుతెన్నులు దాని మెమరీలో ఉన్నాయి. చెయ్యి ఏ ఉద్యోగం ఎంతసేపు చేసిందో అది పోల్చి చెబుతుంది. రోజుకు సగటున నాలుగు గంటలు దాటితే ఉద్యోగి, దాటకపోతే ఖాళీ. జీతం ఎవరిస్తున్నారని అది అడగదు. జీతమివ్వకుండా పని చేయించుకునే ఊరు ఉంటుందని డాక్టరుగారికి తోచలేదు పాపం. ఆయన బ్రహ్మచారి, భోజనం క్యాంటీన్‌లో.

కొండ మీద ఆడవాళ్లలో మొదటి వంతు లావణ్యమ్మది. ఐదో రోజున డాక్టరుగారు కొండెక్కి వచ్చి బ్యాండును టాబ్లెట్‌కు ఆనించాడు. చూశాడు. బ్యాండు విప్పి, తుడిచి, మళ్లీ ఆనించాడు.

"సగటున పదిహేను గంటల పది నిమిషాలు" అన్నాడు నెమ్మదిగా. "పదకొండు ఉద్యోగాలు. వంటమనిషి, కూలీ, ఆసుపత్రి ఆయా, చాకలి, దర్జీ సహాయకురాలు... అమ్మా, జిల్లా మొత్తంలో ఇంత పనిచేసే మనిషి ఇంకొకరు లేరు."

"ఓలమ్మో! నానా?" అంది లావణ్యమ్మ. మొదట కాస్త గర్వపడింది కూడా. ఆ తర్వాత ఆయన మొహం చూసి, "అయితే కార్డో?" అంది.

"రద్దవుతుందమ్మా. పునఃపరీక్షకు ఒక్క అవకాశం ఉంది. ఏడు రోజులు. అందులో రోజుకు సగటున నాలుగు గంటల లోపు చూపిస్తే కార్డు నిలుస్తుంది." యంత్రం చెప్పింది అబద్ధం కాదు, అదే ఆయన బాధ.

ఆ సాయంత్రం కొండంతా శ్రావణి మామ్మ మంచం చుట్టూ చేరింది. లావణ్యమ్మ వెళ్లిపోతే మామ్మకు గంజి పోసేదెవరు, దర్జీ తవిటయ్య పిల్లలకు జడలల్లేదెవరు, మొగుడూ పెళ్లాల తగవులు తీర్చేదెవరు?

"ఏడు దినాలు సెయ్యి కదపకుండా కూకోవాలి, అంతే కదా?" అన్నాడు తవిటయ్య.

"ఇది కూకుంటాదా? కలలో కూడా అంట్లు తోమే రకం" అన్నాడు గౌరీసు.

అప్పుడు మామ్మ దుప్పటి లోంచి తల బయటపెట్టింది. "ఆడమనిసి ఏ పనీ సెయ్యకుండా మంచం మీద కూకునే దినాలు మనలో లెవ్వేటి? పురుడు పొయ్యండి దానికి."

అందరూ పగలబడి నవ్వారు. కానీ అంతకు మించిన ఉపాయం ఎవరికీ తట్టలేదు. బాలింత చన్నీళ్లు ముట్టదు, పొయ్యి దగ్గరికి పోదు, మంచం దిగితే నలుగురూ కేకలేస్తారు. ఆ కట్టుబాటు కొండ మీద పసిపిల్లలకు కూడా తెలుసు. మర్నాడు తెల్లారేసరికి లావణ్యమ్మ చెవుల్లో దూది, తలకు గుడ్డ, కింద నులక మంచం, చేతిలో బాలింతలకు మందుగా పెట్టే కాయం ఉండ. కొడుకులిద్దరూ పెళ్లిళ్లై వేరే ఊళ్లలో ఉన్నారు. యాభై నాలుగేళ్ల బాలింతను చూడడానికి పై వీధి ఆడవాళ్లంతా వచ్చిపోయారు.

నీళ్లకు గౌరీసు దిగాడు. బిందె భుజాన పెట్టుకుని ఎక్కుతూ తొంభయ్యో మెట్టు దగ్గర కూలబడ్డాడు. నూట నలభయ్యో మెట్టు దగ్గర మళ్లీ కూలబడ్డాడు. ఇంటికొచ్చేసరికి సగం నీళ్లు చొక్కా మీదే ఉన్నాయి.

"నువ్వు యే మెట్టుకాడ ఆగుతావే?" అని అడిగాడు రొప్పుతూ.

"ఆగను మావా. ఆగితే మల్లీ లెగలేను" అంది లావణ్యమ్మ.

గౌరీసు రెండో బిందెకు వెళ్లాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఈ మాట తనకెందుకు తెలియలేదా అని మెట్టు మెట్టుకూ సిగ్గుపడ్డాడు.

తవిటయ్య పొయ్యి దగ్గర నిలబడ్డాడు. మొదటి రోజు పులుసు ఉప్పు సముద్రమే. మూడో రోజుకు తినగలిగేలా వచ్చింది. మిగతా మగవాళ్లు తలో పనీ పంచుకున్నారు. తేలిగ్గా ఉంటుందని బట్టల మూట ఎత్తుకున్నవాడు సాయంత్రానికి నడుం పట్టేసి మంచమెక్కాడు, వాడికి మాత్రం ఎవరూ కాయం పెట్టలేదు.

అందరికంటే నరకం చూసింది లావణ్యమ్మ. చేతులు ఊరుకోవు. దుప్పటి అంచు మడుస్తాయి, విప్పుతాయి. అవి కదిలినప్పుడల్లా గౌరీసు "సెయ్యీ!" అని అరుస్తాడు. నాలుగో రోజు మధ్యాహ్నం పక్కింట్లోంచి మామ్మ మూలుగు వినపడింది. తిమ్మిరెక్కిన కాళ్లు, రోజూ ఆ వేళకు లావణ్యమ్మ నూనె రాసి పట్టేది. ఆమె మంచం దిగిపోయింది. ఏడుస్తూనే దిగింది. "కార్డు పోతే పోనాది మావా, ఆ ముసల్దాని బాద నాను వినలేను" అంది.

గౌరీసు ఆమె రెండు చేతులూ పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టాడు. తాను వెళ్లి మామ్మ కాళ్లు ఒళ్లో పెట్టుకున్నాడు. రేవులో మూటలు మోసిన మొరటు చేతులు. "అలక్కాదు మావా, మడం కాణ్ణుంచి పైకి, మెల్లగా" అని గోడకు ఇవతల నుంచి లావణ్యమ్మ చెబుతూ ఉంటే ఆ ప్రకారం పట్టాడు. గంట సేపటికి మామ్మ నిద్రపోయింది. గౌరీసు బయటికొచ్చి నూనె చేతులు తుండుకు తుడుచుకున్నాడు. తన చేతికి కూడా బ్యాండు ఉందన్న సంగతి ఎప్పుడో మర్చిపోయాడు. పని వెతికిపెడతామని జీవికా భవన్ వాళ్లు కొండ మీద మగవాళ్లందరికీ తగిలించిన బ్యాండ్లే అవి.

ఆరో రోజు బ్యాటరీ చూడ్డానికి డాక్టరుగారు వచ్చాడు. మంచం మీద తలకు గుడ్డ కట్టుకుని కాయం చప్పరిస్తున్న లావణ్యమ్మను చూశాడు.

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"పురుడు బావూ" అన్నాడు తవిటయ్య, చేతిలో గరిటెతో.

"పురుడా? ఈమె వయసు యాభై నాలుగు కదా!"

"అయితే ఏటి? సైన్సు అంత పెరిగిపోనాదని మీరే అంటారు కదా" అంది గోడ అవతల నుంచి మామ్మ.

డాక్టరుగారు గరిటె పట్టిన తవిటయ్యను చూశాడు. బిందెతో గుమ్మంలో నిలబడ్డ గౌరీసును చూశాడు. అంతా అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి టాబ్లెట్ వైపు తల వంచాడు.

"నా యంత్రం చెయ్యి కదిలిందా లేదా అన్నదే చూస్తుంది. ఎందుకు కదల్లేదో అడగదు. నేనూ అడగను" అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక కాయం ఉండ చేతిలో పెట్టించుకుని తింటూ దిగాడు.

ఏడో రోజు లెక్క తేలింది. సగటున యాభై నిమిషాలు. కార్డు నిలిచింది, గది నిలిచింది. కొండ మీద డప్పులు మోగాయి.

మూడు రోజుల తర్వాత జీవికా భవన్ నుంచి ఉత్తరాలొచ్చాయి. ఆ ఏడు రోజులూ శ్రమమాపిని మగవాళ్ల చేతుల్ని కూడా చదివింది మరి. నైపుణ్యం ఏదీ లేదని తొమ్మిదేళ్లుగా పక్కన పెట్టిన గౌరీసు చేతుల్లో ఆయా పనితనం నూటికి ఎనభై రెండు ఉందట. వృద్ధుల ఆసుపత్రిలో ఉద్యోగం, నెల జీతం. తవిటయ్యకు ఒక క్యాంటీన్‌లో వంట ఉద్యోగం. కొండ మీద మరో ఏడుగురికి తలో చోటా పని. గౌరీసు ఆ ఉత్తరం పట్టుకుని ఏడ్చాడు. లావణ్యమ్మా ఏడ్చింది. ముప్పై ఏళ్లు తాను ఊరికే చేసిన పనికి నెల నెలా జీతమిచ్చే చోటు ఒకటుందని ఆమెకు అప్పుడే తెలిసింది.

ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో ఇంకో మాట ఉంది. కార్డున్న ఆడవాళ్లు బ్యాండు తీయకూడదు, నాలుగు గంటలు ఏనాడూ దాటకూడదు. కార్డుకు మొగుడి జీతంతో సంబంధం లేదు గానీ పెళ్లాం చేతులతో ఉంది.

దాంతో గౌరీసు బతుకు ఇలా తయారైంది. తెల్లవారుజామున నీళ్లు, ఆ తర్వాత ఎనిమిది గంటలు ఆసుపత్రిలో ముసలివాళ్ల సేవ, ఇంటికొచ్చి వంట, అంట్లు. లావణ్యమ్మ తన నాలుగు గంటల్నీ తన ఇష్టం వచ్చినట్టు వాడుకుంది. మామ్మ కాళ్లు పట్టడం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. మిగతా పొద్దంతా గుమ్మంలో కూర్చుని సముద్రం వైపు చూసేది. ఆ గుమ్మంలోంచి సముద్రం కనబడుతుందని ఆమె ముందెప్పుడూ గమనించలేదు.

గంగుల కొండ ఉపాయం చుట్టుపక్కల కొండలన్నిటికీ పాకింది. ఇంటింటా పురుడే. ఏడాది తిరిగేసరికి జిల్లాలో మగవాళ్లందరికీ ఉద్యోగాలున్నాయి, ఆడవాళ్లందరూ లెక్క ప్రకారం ఖాళీ. అప్పుడు జీవికా భవన్‌కు పన్నెండు వేల సంతకాలతో ఒక అర్జీ వచ్చింది. "మా ఇళ్లలో ఖాళీగా ఉండే ఆడవాళ్లు ఇదివరకు చేసే పని మా వల్ల కావడం లేదు. దయచేసి ఆ బ్యాండ్లు తీసెయ్యండి" అని. సంతకాలన్నీ మగవాళ్లవే. మొదటి సంతకం గౌరీసుది.

పెద్దలు ఆలోచించి ఒప్పుకున్నారు. బ్యాండ్లు రద్దు, కార్డులు పాత పద్ధతిలోనే కొనసాగుతాయి. విప్పడానికి డాక్టరుగారే కొండెక్కాడు.

లావణ్యమ్మ కుడి చెయ్యి కొంగు కింద దాచేసింది.

"భయం లేదమ్మా. బ్యాండు తీసినా మీ కార్డు ఎక్కడికీ పోదు" అన్నాడాయన.

"కార్డుంటాది బావూ. ఇది ఊడిపోతే మా మావ నీళ్లు మొయ్యడు కదా."

డాక్టరుగారు కిందికి చూశాడు. నూట నలభయ్యో మెట్టు దగ్గర గౌరీసు బిందె దించి, దాని పక్కనే కూర్చుని, బ్యాండు ఊడిందా లేదా అన్నట్టు ఆశగా పైకి చూస్తున్నాడు. డాక్టరుగారు టాబ్లెట్‌లో ఇలా రాసుకున్నాడు: గంగుల కొండ, ఒక బ్యాండు చేతికి బిగుసుకుపోయింది, ఎంత ప్రయత్నించినా ఊడి రాలేదు.