గుమాస్తా నీళ్లు తాగింది

2001 ఫిబ్రవరి 6, మంగళవారం, ఉదయం ఎనిమిది గంటలకు పెదకాకానిలో ఒక కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర బ్లెస్సీ అనే పిల్లను కుక్క కరిచింది. కుడి మణికట్టు మీద రెండు పళ్లు దిగాయి. మరో తొమ్మిది రోజుల్లో ఆ పిల్లకు ఐదేళ్లు నిండుతాయి.

కుక్క తప్పేం లేదు. బ్లెస్సీ దాన్ని తన పుట్టినరోజుకు పిలవడానికి వెళ్లింది. పిలవడం అయ్యాక టోపీ కోసం తల కొలత తీసుకుందామనుకుంది. కుక్క అన్నం తింటుంటే దాని తల చుట్టూ దారం చుట్టబోయింది.

కుక్కల పుట్టినరోజు చేయాలని ఆ పిల్ల క్రిస్మస్ నుంచి ఇంట్లో అడుగుతూనే ఉంది. కేకు కుక్క మొహంలా ఉండాలి. వచ్చిన వాళ్లందరికీ చెవులూ తోకలూ ఉండాలి. కేకు కోశాక చప్పట్లు కొట్టకూడదు, మొరగాలి. వీటన్నిటికీ పిన్ని షారోన్ ఒప్పుకుంది. షారోన్‌కి ఇరవై నాలుగేళ్లు, ఊళ్లోనే ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. అక్క కెజియా, బావ హైదరాబాదులో ఆస్పత్రి ఉద్యోగాల్లో ఉన్నారు. ఇద్దరికీ షిఫ్టులు. అందుకని బ్లెస్సీ అమ్మమ్మ ఇంట్లో పెరుగుతోంది. మాటిచ్చింది పిన్ని కనుక, కుక్క కాటుకు కూడా పిన్నే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

షారోన్ పరుగున గేటు దగ్గరికి వెళ్లేసరికి ఒక యువకుడు కుళాయి కింద బ్లెస్సీ చేయి పెట్టి సబ్బుతో కడుగుతున్నాడు. అతని పేరు జయపాల్. కోల్డ్ స్టోరేజీకి వచ్చే మిరప టిక్కీలను, అంటే కాయల బస్తాలను, కాటా వేసి రాసుకోవడం అతని పని. అద్దంకి వైపు నుంచి వచ్చి రెండేళ్లయింది.

కుక్క ఎవరిదని షారోన్ అడిగింది. ఎవరిదీ కాదన్నాడు. అది పొద్దున కాటా దగ్గర కూర్చుంటుందట, ఆఖరి టిక్కీ తూగాకే లేస్తుందట. అందుకని హమాలీలు దానికి గుమాస్తా అని పేరు పెట్టారు.

"మరి మీరెవరు?"

"నేనూ గుమాస్తానేనండి."

"పిల్లను కరిచింది మీ ఇద్దర్లో ఎవరు?"

జయపాల్ కుక్క వైపు చూపించాడు. ఆ పూట ఆమెకు నవ్వు రాలేదు.

గుంటూరులో డాక్టరు గాయం చూసి మొదటి ఇంజెక్షను చేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు అని దారంతా జనం భయపెట్టారు కానీ, అవి పాతరోజుల మాటలన్నాడు. ఇప్పుడు ఐదు, చేతికే. కుక్క పది రోజులు బాగుంటే చివరి రెండూ అక్కర్లేదు. అది చచ్చిపోయినా, కనపడకుండా పోయినా ఐదూ చేయాలి. తింటోందా, నీళ్లు తాగుతోందా, నడక సరిగా ఉందా అన్నది రోజూ ఎవరైనా చూడాలి.

ఆటో వెనకే మోపెడ్ మీద వచ్చిన జయపాల్ ఆ పని తను చేస్తానన్నాడు. ఏ రోజు సంగతి ఆ రోజు సాయంత్రం ఆరింటికి ఫోన్లో చెప్తానన్నాడు. షారోన్ ఇంట్లో ఫోన్ లేదు. పక్కింటి మదార్‌బీ నంబరు ఇచ్చింది. మదార్‌బీ ఇంట్లోనే మిషను కుడుతుంది, మిరప సీజన్లో తొడిమలు తీయడానికి వెళ్తుంది.

వాళ్లు తిరిగొచ్చేలోగా షారోన్ తల్లి రెబ్కా ఇద్దరు మనుషులకు కర్రలిచ్చి గేటు దగ్గరికి పంపింది. మోపెడ్ మీద వాళ్లకంటే ముందే వచ్చేసిన జయపాల్ కుక్కకు అడ్డంగా నిలబడి, దీన్ని చంపితే మీ పిల్లకే రెండు ఇంజెక్షన్లు ఎక్కువ పడతాయని చెప్పాడు. ఆ కబురు విని రెబ్కా మనుషుల్ని వెనక్కి పిలిచింది. పది రోజులు బతకనివ్వండి, తర్వాత దాని సంగతి చూస్తానంది.

కుక్కల పుట్టినరోజు మాత్రం రద్దు చేసింది. మామూలు కేకు, మామూలు ప్రార్థన. బ్లెస్సీ ఏడవలేదు. అయితే తనకు ఐదేళ్లు వద్దని చెప్పి అన్నం పళ్లెం పక్కకు తోసింది. రెండు పూటలు గడిచాయి. చర్చి సంఘ పెద్ద అయిన తాతయ్య జయరావు రెబ్కాను పిలిచి, "కరిపించుకున్న పిల్లే క్షమించింది, నీకేంటి బాధ?" అన్నాడు. పుట్టినరోజు మళ్లీ కుక్కలదే అయింది. గుమాస్తా ఇంటి గేటు దాటి లోపలికి రాకూడదని మాత్రం రెబ్కా షరతు పెట్టింది.

మొదటి రోజు ఫోన్ అర నిమిషంలో అయిపోయింది.

"అన్నం తిందండి. నీళ్లు తాగిందండి. నడక బాగుందండి."

సరేనని షారోన్ పెట్టేసింది.

మూడో రోజు రెండు నిమిషాలు పట్టింది. చెవులు దేంతో చేయాలో తెలియడం లేదని షారోన్ నోరు జారింది. స్టోరేజీలో చిరిగిన గోతాలున్నాయి, రంగు కూడా కుక్క రంగేనని అతనన్నాడు. నాలుగో రోజు కేకు గురించి. ఇసుక పోసిన కుక్కర్లో కేకు పొంగుతుందా అని ఆమె సందేహం, వాళ్లమ్మ అలాగే చేస్తుందని అతని భరోసా. ఐదో రోజు బంగాళాదుంప కోసి కుక్క పాదం అచ్చు చెక్కడం ఎలాగో చెప్పాడు. పన్నెండు పిలుపు కార్డుల మీద ఆ అచ్చు వేయాలి. ఆ రోజు పదకొండు నిమిషాలైంది. మదార్‌బీ మిషను ఆపి, ఒక కుర్చీ తెచ్చి ఫోన్ పక్కన వేసి, మళ్లీ వెళ్లి కుట్టుకుంది.

"కుక్క ఎలా ఉందో కనుక్కున్నావా అమ్మాయ్?" అంది ఫోన్ పెట్టేశాక.

షారోన్ కనుక్కోలేదు. అతనూ చెప్పలేదు. ఇంటికి వెళ్లాక, ఐదున్నర నుంచే గడియారం చూస్తున్న సంగతి కూడా ఆమెకు గుర్తొచ్చింది. ఇక ఐదు రోజులే ఉన్నాయి. పదో రోజు దాటితే డాక్టరుకు కుక్కతో పని లేదు, కుక్క అక్కర్లేకపోతే ఫోన్ అక్కర్లేదు.

ఆరో రోజు ఆదివారం. చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చునే వేళకు జయపాల్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసిపోయింది. చేతిలో, రాత్రి కుక్కను కట్టేసిన తాడు తెగిపోయి ఉంది.

"కుక్క కనపడట్లేదండి."

"ఎప్పటి నుంచి?"

"పొద్దున్నుంచీ. ఊరంతా తిరిగానండి."

షారోన్ తాడు వైపు చూసింది. "సాయంత్రం ఫోన్లో తింది, తాగింది అని చెప్పేస్తే నాకేం తెలిసేది?"

"తెలియదండి."

"మరి చెప్పడానికి ఎందుకొచ్చారు?"

"పాప చేతికి రెండు ఇంజెక్షన్లండి."

షారోన్ చెయ్యి కడుక్కుని చెప్పులేసుకుంది. రెబ్కా ఎక్కడికని అడిగితే కుక్క కోసమని చెప్పింది. మోపెడ్ మీద ఇద్దరి మధ్యా హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది. మూడు కల్లాలు తిరిగారు. కాయలు ఎండబోసిన చోటల్లా బండి ఆపి, పిలిచి, ముందుకు పోయారు. నాలుగో కల్లంలో ట్రాక్టరు ట్రక్కు కింద గుమాస్తా కనపడింది. ఎదురుగా ఒక రైతు టిక్కీలు కాటా వేయిస్తున్నాడు. ఆదివారం స్టోరేజీలో కాటా ఉండదు. ఎక్కడుందో వెతుక్కుంటూ కుక్క ఇక్కడికి వచ్చింది.

"సెలవు రోజు కూడా డ్యూటీకి వచ్చే గుమాస్తాను ఇప్పుడే చూడటం," అంది షారోన్. జయపాల్ తనూ వచ్చానన్నాడు. ఈసారి ఆమెకు నవ్వొచ్చింది.

కుక్క దొరికింది కానీ, నీళ్లు తాగుతోందో లేదో చూడాలి. కల్లంలో తొడిమలు తీస్తున్న సైదాబీని అడిగి మట్టి మూకుడులో నీళ్లు పోయించారు. కుక్క వాసన చూసి పడుకుంది. ఇద్దరూ టిక్కీల మీద కూర్చుని కాపలా కాశారు. మధ్యలో హ్యాండ్‌బ్యాగు ఉంది.

అతను చిన్నప్పుడు పొగాకు కాల్చే బ్యారన్ దగ్గర నాన్నకు అన్నం తీసుకెళ్లిన సంగతి చెప్పాడు. ఆమె తన మూడో తరగతి పిల్లల్లో ఒకడు ఎక్కాలు ఏడు దగ్గర ఆపేసి, మిగతావి వచ్చే ఏడాది చెప్తానన్న సంగతి చెప్పింది. టీచరు ఉద్యోగం వదిలేయమంటే ఒప్పుకోనని, అతను అడగకుండానే చెప్పింది. ఎవరైనా ఎందుకు వదిలేయమంటారని అతను అడిగాడు. నలభై నిమిషాలు గడిచాయి.

"అమ్మాయ్," అని సైదాబీ దూరం నుంచి పిలిచింది. "మీ కుక్క రెండుసార్లు తాగింది. ఇంకా ఎంతసేపు కూర్చుంటారు?"

ఇద్దరూ మూకుడు చూశారు. ఖాళీగా ఉంది.

తర్వాతి మూడు రోజులూ పనులతో గడిచాయి. జయపాల్ గోతాలు తెచ్చాడు. కడుగుదామని షారోన్ అంటే, నీళ్లు తగిలితే గోనె బిగుసుకుపోయి సూది దిగదని మదార్‌బీ అంది. గట్టిగా రెండుసార్లు దులిపారు. షారోన్ ముక్కుకు దగ్గరగా పెట్టి చూసింది. ఏమీ అనిపించలేదు. మదార్‌బీకీ అనిపించలేదు. జయపాల్‌కి అసలే అనిపించలేదు. పన్నెండు జతల చెవులు, పన్నెండు తోకలు కుట్టారు. ప్రార్థన చేసే అయ్యగారు బాధపడకుండా ఆయనకు కూడా ఒక జత ఉండాలని బ్లెస్సీ పట్టుబడితే పదమూడో జత కుట్టారు. రెబ్కా మొదట విసుక్కుంది. తర్వాత గవ్వల పిండిని బొమికల్లా చేసి, వేయించి, బెల్లం పాకంలో వేసింది.

పదో రోజు సాయంత్రం ఐదింటికి పిల్లలందరూ చెవులు కట్టుకుని చాప మీద కూర్చున్నారు. ఆ మధ్యాహ్నమే హైదరాబాదు నుంచి దిగిన కెజియా కూతుర్ని ఒళ్లో పెట్టుకుంది. అయ్యగారు చెవులు చేత్తో పట్టుకుని, కట్టుకోకుండానే ప్రార్థన మొదలుపెట్టారు. దేవుడు ఈ బిడ్డకు ఇచ్చిన ఐదు సంవత్సరాల కోసం అని మొదలుపెట్టి, అక్కడే తుమ్మారు.

మళ్లీ మొదలుపెట్టి మళ్లీ తుమ్మారు. కెజియా తుమ్మింది. తర్వాత చాప మీద వరసగా పన్నెండు మంది తుమ్మారు. ఒకడు కళ్లు నులుముకుని ఏడ్చాడు. ఆ చెవులు కుట్టిన, మిరప ఘాటుకు అలవాటుపడిపోయిన ముగ్గురు మాత్రం, ఏమైందో తెలియక గుమ్మంలో నిలబడి చూశారు.

"గోతాలు," అన్నాడు జయపాల్, ఆలస్యంగా.

అతను బోరింగు కొట్టాడు. షారోన్ ఒక్కొక్కరి మొహం కడిగింది. రెబ్కా లోపలికి వెళ్లి, జయరావు కోసం ఈస్టరుకని దాచిన తెల్లపంచె తెచ్చి నిలువునా చింపింది. మదార్‌బీ చెవులు కత్తిరించింది, ఈసారి కుట్టకుండా పిన్నులు పెట్టింది. ఇరవై నిమిషాల్లో గోనె కుక్కలు తెల్లకుక్కలయ్యాయి. అయ్యగారు ప్రార్థన అక్కడి నుంచే అందుకుని ముగించారు. బ్లెస్సీ కేకు కోసింది. అందరూ మొరిగారు. గేటు బయట కట్టేసిన గుమాస్తా జవాబు చెప్పింది.

రెబ్కా తనే వెళ్లి కుక్క ముందు నీళ్ల గిన్నె పెట్టింది. అది తాగేదాకా నిలబడి చూసింది. తర్వాత బొమిక ఒకటి వేసి లోపలికి వచ్చింది. దాని సంగతి మళ్లీ ఎత్తలేదు.

పిల్లలు కళ్లకు గంతలు కట్టుకుని గోడ మీది కుక్క బొమ్మకు తోక అంటించే ఆట ఆడుతుండగా, జయపాల్ తాడు విప్పుకుని వెళ్లబోయాడు. షారోన్ గేటు దాకా వచ్చింది.

"ఇంక ఫోన్ చేయక్కర్లేదు కదండీ," అంది.

"అక్కర్లేదండి. పది రోజులు అయిపోయాయి." తాడును చేతికి చుట్టుకున్నాడు, విప్పాడు. "డాక్టరు గారు పది రోజులే అన్నారు."

"డాక్టరు గారు కుక్క గురించి అన్నారు."

జయపాల్ ఆ మాట అర్థమయ్యే దాకా నిలబడ్డాడు. అర్థమయ్యాక కూడా నిలబడ్డాడు.

"కుక్క కాకుండా నా గురించి చెప్పొచ్చాండి?"

"ఏం చెప్తారు?"

"అన్నం సరిగా తినడం లేదండి. ఆదివారం నుంచి."

"నీళ్లు?"

"తాగుతున్నానండి."

"అయితే భయం లేదు," అంది షారోన్. నవ్వు దాచుకోవడానికి వంగి కుక్క తల నిమిరింది. అప్పుడే తల ఎత్తకుండా, "నేను కూడా తినడం లేదు. వెళ్లి మా నాన్నతో మాట్లాడండి," అంది.

వెళ్లే పని లేకపోయింది. బయట అరుగు మీద పంచె ముక్క చెవులతో కూర్చున్న జయరావు అంతా విన్నాడు. జయపాల్‌ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, మీది ఏ సంఘం, మీ అయ్యగారి పేరేంటి, బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నావు అని అడిగాడు. జయపాల్ మూడింటికీ జవాబు చెప్పాడు. అమ్మాయి ఉద్యోగం మానదని జయరావు చెప్పాడు. తెలుసండి, కల్లంలో చెప్పారు అన్నాడు జయపాల్. ఏ కల్లంలోనని రెబ్కా లోపలి నుంచి అడిగింది.

మార్చి మొదటి వారంలో అద్దంకి నుంచి జయపాల్ తల్లిదండ్రులు వచ్చి మాట్లాడుకుని వెళ్లారు. ఈస్టరు ముందు వచ్చే లెంట్ ఉపవాస రోజులు కనుక పెళ్లి ఆ పండగ తర్వాతకు పెట్టుకున్నారు. ఏప్రిల్ 22న ఆరాధనలో వివాహ ప్రకటన మొదటిసారి చదివారు. 29న రెండోసారి, మే 6న మూడోసారి చదివారు. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయాలని మూడుసార్లూ అడిగారు. ఎవరూ తెలియజేయలేదు.