ఎవరి సంతకం వాళ్లదే

శరణార్థుల ఆఫీసుకెళ్లే బస్సు తొమ్మిదింటికైతే గడియారాలు బాగుచేసే మాస్టారు ఆరింటికే బూట్లు వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. యుద్ధానికి జడిసి సరిహద్దు దాటి ఈ దేశం వచ్చి ఇరవై ఒక్కేళ్లయింది. అక్కడ పోరు ఆగిందని, వెళ్లాలనుకునేవాళ్లను శరణార్థుల ఆఫీసు వాళ్లే దగ్గరుండి పంపిస్తారని తెలిసినప్పటి నుంచి ఆయన కాలు ఒకచోట నిలవడం లేదు. ఫారం తనే తెచ్చాడు, తనే నింపాడు.

"ఆఫీసులో ఏం అడుగుతారండీ?" టీ గ్లాసు అందిస్తూ అడిగింది భార్య.

"ఏం అడుగుతారు? పేర్లూ, ఊరూ. అన్నీ నేను చెప్తాగా. నువ్వు పక్కన కూర్చో, చాలు."

"కూర్చోవడానికైతే ఇంట్లో కుర్చీల్లేవా?"

కూతురు ఫక్కున నవ్వింది. పందొమ్మిదేళ్ల పిల్ల, పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. నర్సింగు చదువు ఇంకో ఏడాది మిగిలుంది. తండ్రి ప్రయాణం మాట ఎత్తినప్పటి నుంచి ముభావంగా ఉంటోంది. ఈ వారంలో నవ్వడం ఇదే మొదలు.

ఆఫీసులో అధికారిణి ఫారం తిప్పి చూసింది. "మాస్టారూ, మూడు సంతకాలకీ ఒకటే తోక ఉందే?"

"ఇంట్లో అన్నిటికీ నేనే పెడతానమ్మా. అలవాటు."

"ఇక్కడ కుదరదండీ. పద్దెనిమిది దాటినవాళ్లు ఎవరి మాట వాళ్లే చెప్పాలి, అదీ విడివిడిగా. ఒకరు రమ్మన్నారని ఇంకొకర్ని పంపడానికి లేదు."

మాస్టారి మొహం మాడిపోయింది. భార్య మాత్రం ముందుగా లేచింది. ఆ లోపలి గది తలుపు వెనకాల ఏముంటుందో చూడాలని ఆమెకు వచ్చినప్పటి నుంచీ ఒకటే ఉబలాటం. లోపల ఉన్నవి ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక నీళ్ల సీసా.

"మీకు వెళ్లాలనుందా అమ్మా?"

"ఆయన చెప్పారుగా."

"ఆయన సంగతి ఆయన చెప్పారు. మీ సంగతి?"

పెళ్లయిన దగ్గర్నుంచి ఆమెను ఆ ప్రశ్న ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కుర్చీ ముందుకు జరుపుకుని తనే అడగడం మొదలుపెట్టింది. మా వీధిలో నీళ్లొస్తున్నాయా? మందుపాతరలు తీసేశారా? ఇక్కడి చదువు అక్కడ చెల్లుతుందా? వెళ్లాక ఉండలేకపోతే?

అధికారిణి ఏదీ దాచలేదు. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మందుపాతరలు ఊళ్లో తీశారు, పొలాల్లో ఇంకా తీస్తున్నారు. చదువు సంగతి రాసి కనుక్కోవాలి. వెళ్లేటప్పుడు శరణార్థి కార్డు అప్పజెప్పాలి, మళ్లీ వస్తామంటే అంత తేలిక కాదు.

"తొందరేం లేదమ్మా. ముందు ఇంటికొకరు వెళ్లి ఐదు రోజులు చూసి రావచ్చు. చూసొచ్చినంత మాత్రాన వెళ్లి తీరాలని లేదు."

"ఆ ఒక్కరూ మగవాళ్లే అయ్యుండాలా?"

"ఎవరన్నారు?"

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే ఆమె విషయం బయటపెట్టింది. "నేను వెళ్లి చూసొస్తానండీ."

మాస్టారు ఒంటికాలి మీద లేచాడు. "నువ్వా? ఒక్కదానివా? మన ఊరు నాకు తెలీదా, కొత్తగా చూడ్డానికేముంది?"

"మీకు తెలిసింది ఇరవై ఒక్కేళ్ల కిందటి ఊరు. నాకు ఇప్పటిది కావాలి."

"అంటే రానంటావు. తల్లీకూతుళ్లు ఒకటయ్యారన్నమాట."

"నన్నూ అడిగారు నాన్నా. చదువయ్యాక చెప్తానన్నాను, తప్పా?" అంది కూతురు.

"రావాలనుందో లేదో నాకే తెలీదండీ" అంది భార్య. "మీరు అడిగితేగా నేను ఆలోచించేది! ఎందుకడగలేదు?"

మాస్టారు కుర్చీలో కూలబడ్డాడు.

"అడిగితే రానంటావేమోనని భయం. నువ్వు రాకపోతే నేనూ వెళ్లలేను. మా అమ్మ అక్కడే పోయింది. ఆవిణ్ణి ఎక్కడ పూడ్చారో కూడా తెలీదు నాకు."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట ఎత్తలేదు. మొండితనం అనుకున్నదంతా భయమని తెలిసి ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెళ్లి పక్కన కూర్చుంది.

"ఈ ముక్క ముందే చెబితే నోటి ముత్యాలు రాలిపోయేవా?"

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. తడబడుతూ అడిగాడు. "నాతో వస్తావా?"

వస్తానని అనేయాలనిపించింది ఆమెకు. తమాయించుకుంది.

"ముందు అత్తయ్య ఎక్కడుందో వెతికొస్తాను. తర్వాత చెప్తాను."

మాస్టారు తలూపాడు. కాగితం తీసి తమ వీధి, మలుపు, తల్లి ఉన్న ఇల్లు గీయడం మొదలుపెట్టాడు. కూతురు మెల్లగా వచ్చి భుజం మీంచి వంగి చూసింది.

"ఇటు వెళ్తే ఏమొస్తుంది నాన్నా?"

ఆ ఊరి గురించి ఆ పిల్ల ఏదైనా అడగడం అదే మొదటిసారి. మాస్టారు పెన్సిలు ఆపి ఎంతో సేపు ఆలోచించాడు. గుర్తు రాలేదు.

"మీ అమ్మ చూసొచ్చి చెప్తుందమ్మా" అన్నాడు.