గడ్డి కాగితం గలగల

"సార్, గాజుపెట్టెలో కాగితం ఎవరో మార్చేశారు. మధ్యాహ్నం దాన్ని పరీక్షించడానికి నిపుణుడు వస్తున్నాడు. నా కొంప మునిగింది!"

లెక్కల మేడం వస్తూనే మొరపెట్టుకుంది. డిటెక్టివ్ నిదానంగా కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఇల్లు అంటుకున్నా చెప్పులు వెతుక్కుని గానీ బయటికి రాని మనిషి కాబట్టి, ఊళ్లో అందరికీ ఆయన నిదానంగారే. ఆయన్ని మించిన బుర్ర లోకంలో లేదని నమ్మే అసిస్టెంటు, మేడానికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది.

మేడం లెక్కలు చూసేది కాగితపు పరిశోధన కేంద్రంలో. కలపేతర గుజ్జు, అంటే గడ్డి, చెరకు పిప్పి, వెదురు, పత్తి వంటివాటితో చేసిన గుజ్జు, ఏ దేశం ఎంత దిగుమతి చేసుకుంటోందో ఏళ్ల తరబడి పోల్చి చూసిందామె. ఆ లెక్కలతో గీసిన గ్రాఫు పటం కేంద్రంలో ఒక గోడనంతా ఆక్రమించింది. ముగ్గురూ అక్కడికి చేరగానే అసిస్టెంటు దాని ముందు ఆగిపోయింది.

"సంపన్న దేశాల గీత మొదట్నుంచీ పైనే ఉంది. పేద దేశాల గీత ఈమధ్య పైకి లేస్తోంది. బాగుపడుతున్నట్టే కదండీ?"

"అందరూ అలాగే పొరబడతారు," అంది మేడం. " సంపన్న దేశాలవాళ్లు ఖరీదైన కాగితాల కోసం అప్పుడూ కొన్నారు, ఇప్పుడూ కొంటున్నారు. పేద దేశాలవాళ్లేమో అప్పట్లో సొంత గడ్డితో సొంతంగా గుజ్జు వండుకునేవాళ్లు. మిల్లులు మూతపడ్డాక కొనుక్కుంటున్నారు. మన ఊరి మిల్లూ అంతేగా!"

పటం కింద గాజుపెట్టెలో ఆ మిల్లు గడ్డి విభాగం చివరిరోజు చేసిన కాగితం ఉండేది. ఇన్నేళ్లకీ అది గట్టిగా ఉందని తేలితే విభాగాన్ని మళ్లీ తెరుస్తారు. పరీక్షలో దాన్ని చించి, నానబెడతారు. ఇంకో కాగితం లేదు.

"మారిందని ఎలా తెలిసింది?" అన్నారు నిదానంగారు.

"పొద్దున తీసి ఊపాను సార్. గడ్డి కాగితం గలగలమంటుంది. ఇది కిమ్మనలేదు. మధ్యలో ఒక గుంట ఉండాలి, అదీ లేదు."

నిదానంగారు కాగితాన్ని వేళ్ల మధ్య నలిపి చూశారు. మెత్తగా ఉంది. పత్తి గుజ్జుతో చేసిన దిగుమతి సరుకు. తాళాలు మేడం దగ్గర, డైరెక్టరు దగ్గర ఉంటాయి. గుజ్జు దిగుమతి చేసే వ్యాపారి తన నమూనాలు పెట్టడానికని నిన్న ఒకసారి తాళం అడిగి తీసుకున్నాడట.

వ్యాపారి అక్కడే దొరికాడు. అడగ్గానే భగ్గుమన్నాడు.

"ఆ విభాగం తెరిస్తే నా నోట్లో మట్టే, కాదనను. అయితే మాత్రం మచ్చపడ్డ కాగితం ఎత్తుకెళ్లి, దాని స్థానంలో నా సరుకే పెడతానా? నాకు మతిలేదనుకున్నారా?"

తర్వాత డైరెక్టరు గది. ఆయన ఒకప్పుడు ఆ మిల్లులో ఇంజనీరట. భార్య పోయాక నవ్వడం మానేశాడని మేడం దారిలో చెప్పింది. గది ఉక్కపోతతో కుతకుతలాడుతోంది. కిటికీలు మూసి ఉన్నాయి, ఆయన చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అసిస్టెంటు ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి వేసింది.

"వద్దమ్మా! నాకు జలుబు." ఆయన గొంతులో జలుబు ఛాయలేమీ లేవు. "ఆ చెయ్యిపడ్డ కాగితం పోతే పోయింది. పరీక్ష మానుకుందాం."

నిపుణుడు వచ్చాక నిదానంగారు అందర్నీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు.

"కాగితం మధ్యలో ఉన్నదాన్ని మేడం గుంట అన్నారు. వ్యాపారిగారు మచ్చ అన్నారు. చూసినవాళ్లకు అది అంతే. డైరెక్టరుగారొక్కరే చెయ్యి అన్నారు. ఎవరి చెయ్యో తెలిస్తే తప్ప ఆ మాట నోటికి రాదు. వ్యాపారిగారి నమూనాలు ఈ గది బీరువాలోనూ ఉన్నాయి, గాజుపెట్టె తాళం ఎలాగూ ఆయన దగ్గరుంది. ఇక ఈ ఉక్కలో ఫ్యాను ఎందుకు వద్దన్నారో చూద్దాం. వెయ్యమ్మా."

ఫ్యాను తిరిగింది. గోడకున్న క్యాలెండరు అల్లాడింది. దాని వెనకనుంచి గలగల వినిపించింది.

డైరెక్టరు లేచి తనే కాగితాన్ని బయటికి తీశాడు.

"మిల్లులో నమూనా కాగితాలు చూసేది మా ఆవిడే. తడిగా ఉండగా మధ్యలో అరచెయ్యి ఆనించి తేమ చూసేది. ఆరాక నా చెవి దగ్గర ఊపి, 'విన్నారా, పలుకుతోంది' అనేది. ఫొటోల్లో ఆవిడ మొహం ఉంది. చెయ్యి దీంట్లోనే మిగిలింది."

మేడానికి కోపం ఎటుపోయిందో తెలియలేదు. "అంచులు కత్తిరించుకుంటే సరిపోదా సార్?" అని నిపుణుణ్ణి బతిమాలింది.

"మధ్యభాగమే కావాలమ్మా," అన్నాడాయన ఇబ్బందిగా.

డైరెక్టరు కాగితాన్ని బల్ల మీద పరిచాడు.

"విభాగం మూసినరోజు ఆవిడ గేటు పట్టుకుని ఏడ్చింది. మళ్లీ తెరిస్తే చూడాలని చివరిదాకా ఆశపడింది. నేను ఆవిడ చెయ్యి దాచుకుని, ఆవిడ ఆశని తొక్కేయబోయాను."

ఆ గుంటలో తన అరచెయ్యి ఆనించాడు. ఆవిడ చెయ్యి చిన్నది, ఆయన వేళ్లు బయటికి వచ్చేశాయి. కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి ఊపి, నిపుణుడి చేతిలో పెట్టాడు.

కాగితం పరీక్షలో నెగ్గింది. విభాగం తెరవమని రాస్తానని నిపుణుడు అక్కడికక్కడే మాటిచ్చాడు. మేడం ఏడుస్తూనే నవ్వింది.

వెళ్లేముందు అసిస్టెంటు పటం దగ్గర మళ్లీ ఆగింది. పైకి లేస్తున్న ఆ గీతని చూస్తే ఇప్పుడు ఆమెకు దిగులేసింది. తలుపు సందులోంచి డైరెక్టరు గది కనిపిస్తోంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. వెనక ఇప్పుడు ఆ కాగితం లేకపోయినా, ఆయన క్యాలెండరు పక్కన నిలబడి, చెవి గోడకు దగ్గరగా పెట్టి వింటున్నాడు.